రోము పాఠాన్ని కుంచం దగ్గర మొదలుపెట్టండి

సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకాల రచనా సంఘాల సభ్యులకు, సంపాదకులకు నమస్కారాలు.

ఇంగ్లండు ఉత్తరపు కొసన, హాడ్రియన్ చక్రవర్తి కట్టించిన గోడ పక్కన, కార్వోరన్ అనే చోట 1915లో ఒక కంచు పాత్ర దొరికింది. అడుగున వెడల్పుగా, మూతి దగ్గర కాస్త ఇరుకుగా ఉండే ఆ పాత్రతో రోమన్ సైన్యం ధాన్యం కొలిచేది. దాని మీద డొమిషియన్ చక్రవర్తి పేరు చెక్కి ఉండేది. క్రీ.శ. 96లో ఆయన హత్యకు గురయ్యాక ఎక్కడ కనబడితే అక్కడ ఆయన పేరు చెరిపివేయాలని రోమ్ సెనేట్ ఆదేశించింది కాబట్టి పాత్ర మీద పేరును గీకివేశారు. పాత్రను మాత్రం పారేయలేదు. అందులో 17½ సెక్స్‌టారియస్‌లు పడతాయని పేరు కిందే రాసి ఉంది. కొలిచి చూస్తే దాదాపు 20 పడుతున్నాయి. ఒక సెక్స్‌టారియస్ మన లెక్కలో అర లీటరుకు కొంచెం ఎక్కువ.

ఈ తేడా ఎందుకు వచ్చిందన్న దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. రైతు దగ్గర ధాన్యం తీసుకొనేటప్పుడు ఎక్కువ లాగడానికి చేసిన మోసమని కొందరంటారు. లోపల హద్దు చూపే గుర్తు ఒకటి ఉండి తర్వాత ఊడిపోయి ఉంటుందని మరికొందరంటారు. మన పల్లెల్లో ఈ తగువు ఎవరికీ వివరించనక్కర లేదు. ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకొనే కుంచం వేరు అన్న మాట కౌలు చేసిన ప్రతి ఇంట్లోనూ వినబడేదే. బ్రిటన్‌లో ధాన్యపు వసూళ్ల పేరిట రైతులను ఎలా వేధించేవారో, దూరపు శిబిరాలకు మోసుకొచ్చి ఇమ్మని ఎలా తిప్పేవారో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా రాశాడు.

నేను 31 ఏళ్లు ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఆ కాలంలో నా చేతికి వచ్చిన పుస్తకాల్లో రోము అంటే జూలియస్ సీజర్ హత్య, అగస్టస్ స్వర్ణయుగం, కొలోసియం బొమ్మ, చివర్లో పతనానికి కారణాలు అయిదు. పిల్లలు ఆ అయిదూ వల్లించేవారు, నేను మార్కులు వేసేవాణ్ని. పైన చెప్పిన పాత్ర గురించి ఒక్కసారి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు మాత్రం తొమ్మిదో తరగతి చివరి బెంచీ పిల్లవాడొకడు లేచి, "అయితే సార్, రైతు తన సొంత కుంచం తెచ్చుకోకూడదా?" అని అడిగాడు. సామ్రాజ్యం అంటే ఏమిటో అంతకన్నా సూటిగా అడిగిన ప్రశ్న నేను వినలేదు. ఆ అనుభవంతోనే ఈ లేఖ రాస్తున్నాను. మీరు తిరిగి రాయబోయే రోమన్ పాఠాన్ని రోమ్ నగరంలో కాకుండా దాని ఏలుబడిలోని ప్రావిన్సుల్లో మొదలుపెట్టమనీ, చక్రవర్తుల కన్నా ముందు తిండిని, దాన్ని పండించి, పిండి పట్టి, మోసిన మనుషులను చూపమనీ నా కోరిక.

ఇది పిల్లలకు సరదాగా ఉంటుందని అడగటం లేదు. రోమ్ నగరం తిండి దాని చుట్టుపక్కల పండేది కాదు. ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికా గోధుమలు, దక్షిణ స్పెయిన్ నూనె, గాల్ (నేటి ఫ్రాన్సు) ప్రాంతపు కుండలు, పశువుల తోళ్లు, ఉప్పు వేసిన చేపలు నడిస్తేనే సైన్యం నడిచేది, సైన్యం నడిస్తేనే చక్రవర్తి నిలిచేవాడు. ఈ సంగతి రాజుల శాసనాల్లో అరకొరగానే ఉంటుంది. పెంటకుప్పల్లో, మరుగుదొడ్ల గుంటల్లో, బావుల అడుగున, కాలిపోయిన గాదెల్లో నిండుగా ఉంటుంది. గత యాభై అరవై ఏళ్లలో పురావస్తుశాస్త్రం అక్కడ వెతకడం నేర్చుకొంది. మన పాఠాలు మాత్రం ఇంకా పాలరాతి విగ్రహాల దగ్గరే నిలబడి ఉన్నాయి.

కార్వోరన్‌కు కొద్ది మైళ్ల తూర్పున విండోలాండా అనే మరో సైనిక శిబిరం ఉంది. 1973లో అక్కడ తవ్వుతున్న రాబిన్ బర్లీ బృందానికి తడి మట్టిలో పల్చని చెక్కముక్కలు దొరికాయి. పోస్టుకార్డంత పరిమాణం, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం, మీద మసి సిరాతో రాత. గాలి తగలని బురదలో ఉండటం వల్ల దాదాపు 1,900 ఏళ్లు చెడకుండా మిగిలాయి. అప్పటి నుంచి వందల కొద్దీ బయటపడ్డాయి. వీటిలో యుద్ధాల ప్రస్తావన తక్కువ, చిట్టాపద్దులు ఎక్కువ. ఒక గోధుమల పద్దులో ఎవరెవరికి ఎన్ని మోడియస్‌లు ఇచ్చారో వరసగా రాసి ఉంది: అడవి దగ్గర ఎద్దులను చూసుకొనేవారికి ఇంత, పందులను కాసే లుక్కోకు ఇంత. మోడియస్ అంటే 16 సెక్స్‌టారియస్‌లు, అంటే తొమ్మిది లీటర్లకు కాస్త తక్కువ. ఇంకొక చెక్క మీద అంగడికి వెళ్లే మనిషికి ఇచ్చిన చీటీ ఉంది. దంచిన చిక్కుడు గింజలు రెండు మోడియస్‌లు, కోళ్లు ఇరవై, మంచివి దొరికితే ఆపిల్ పళ్లు వంద, సరసమైన ధరకు అమ్ముతుంటే గుడ్లు వందో రెండొందలో, చేపల రసం ఎనిమిది సెక్స్‌టారియస్‌లు, ఆలివ్ కాయలు ఒక మోడియస్. "మంచివి దొరికితే", "సరసమైన ధరకైతే" అన్న ఆ రెండు షరతులు చూడండి. మా అమ్మ సంత రోజు నాన్నకు చెప్పే మాటలు అచ్చంగా ఇవే.

వీటన్నిటిలో పాఠంలోకి తప్పక రావలసింది ఆక్టేవియస్ అనే వ్యాపారి తన సోదరుడు కాండిడస్‌కు రాసిన ఉత్తరం. తాను దాదాపు 5,000 మోడియస్‌ల ధాన్యపు కంకులు కొన్నాననీ, వెంటనే కనీసం 500 దినారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) పంపకపోతే బయానాగా ఇచ్చిన సుమారు 300 దినారియస్‌లు పోగొట్టుకొని పరువు తక్కువవుతాననీ అతను మొరపెట్టుకొంటాడు. కాటరాక్టోనియమ్ అనే ఊళ్లో ఉన్న తోళ్ల గురించి కూడా రాస్తాడు. వాటిని ఎప్పుడో వెళ్లి తెచ్చుకొనేవాణ్ని గాని, దారులు బాగాలేనప్పుడు పశువులను హింస పెట్టడం ఇష్టం లేక ఊరుకొన్నానంటాడు. రోమన్ రహదారుల గొప్పతనం గురించి మనం పేజీలకు పేజీలు చెప్పించాం. ఆ రహదారుల మీద బండి తోలవలసినవాడి మాట ఇది. బయానా, అప్పు, సరుకు రవాణా, పరువు అన్నీ ఒక్క చెక్కముక్క మీద ఉండగా, రోమన్ ఆర్థిక వ్యవస్థ అనే శీర్షిక కింద మళ్లీ నిర్వచనాలు రాయడం దేనికి?

పిండి పట్టే సంగతికి వస్తాను. ఫ్రాన్సు దక్షిణాన ఆర్ల్ పట్టణానికి దగ్గర్లో బార్బెగల్ అనే చోట కొండవాలు మీద నీటి తిరగళ్ల కట్టడం ఒకటి ఉంది. ఎనిమిదేసి చక్రాల చొప్పున రెండు వరసలు, మొత్తం 16 చక్రాలు. పైన కాలువ నుంచి దూకిన నీరు ఒక చక్రాన్ని తిప్పి కింది చక్రం మీద పడేది, అలా వాలు చివరిదాకా. 1930ల చివర్లో ఫెర్నాన్ బెన్వా దీన్ని తవ్వి, రోమన్ పాలన చివరి దశకు చెందినదని తేల్చాడు. దానితో ఒక కథ సులువుగా పుట్టింది: బానిసలు చవకగా దొరికినన్నాళ్లు రోమన్లకు యంత్రాలు అక్కరలేదు, బానిసల కొరత వచ్చాకే ఇలాంటివి కట్టుకొన్నారు. ఎన్నో పుస్తకాలు ఆ కథనే తిప్పి తిప్పి చెప్పాయి. 1990ల తవ్వకాల్లో ఫిలిప్ లెవో బృందం ఈ తిరగళ్లు రెండో శతాబ్దం నాటివని చూపించింది. అంటే సామ్రాజ్యం నిండుగా ఉన్న కాలంలో, బానిసలు ఉండగానే, యంత్రాలూ ఉన్నాయి. పాత కథ కూలింది గాని నేను చెప్పిన పాఠాల్లో అది చాలాకాలం చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక చిన్న వస్తువు దగ్గర కాసేపు ఆగాలి. బార్బెగల్ చక్రాలు చెక్కవి కనుక పుచ్చిపోయాయి. కాని ఆ నీటిలో సున్నం ఎక్కువ. మన బోరునీటి బిందెకు అంచున తెల్లగా పట్టే పొర లాగా చెక్క మీద ఏళ్ల తరబడి గార కట్టింది. చెక్క పోయినా గార ముక్కలు మిగిలాయి. ముక్కకు ఒకవైపు చెక్క గీతల అచ్చు కనబడుతుంది. అడ్డంగా కోసి చూస్తే చెట్టు వలయాల లాగా పొర మీద పొర ఉంటుంది. జర్మనీలోని మైన్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకుల నాయకత్వంలోని బృందం ఈ పొరలను రసాయనికంగా పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, తిరగళ్లు ఏడాది పొడవునా ఆడలేదు. ఎండాకాలం చివర, శరత్తులో నెలల తరబడి నిలిచిపోయేవి. పట్టణానికి రోజువారీ రొట్టె పిండి పట్టే మిల్లు అలా ఆగదు. అందువల్ల, చలికాలం రాకముందే ఓడల ప్రయాణాలు ముగిసే ఆ ప్రాంతంలో, ఇక్కడి పిండి ఓడల వాళ్లు తినే గట్టి బిస్కట్ల కోసమై ఉండవచ్చునని వాళ్లు ఊహించారు. ఊహే, కాని గార ముక్క మీద నిలబడిన ఊహ. చరిత్ర ఎలా తెలుస్తుందన్న పిల్లల ప్రశ్నకు "ఆధారాలు: నాణేలు, శాసనాలు, సాహిత్యం" అని మూడు మాటలు రాసి వదిలేసే బదులు, ఈ గార ముక్క బొమ్మ ఒకటి వేయండి.

సామాన్యుల వస్తువులను చూస్తూ కూడా గుర్తుపట్టకపోవడం పండితులకూ కొత్త కాదు. లిబియాలో ట్రిపోలీకి ఆగ్నేయాన తర్హూనా పీఠభూమి మీద నిలువెత్తు రాతి స్తంభాలు జంటలుగా, పైన అడ్డరాయితో నిలబడి ఉంటాయి. 1895, 1896లలో అక్కడ తిరిగిన హెన్రీ స్వెయిన్సన్ కూపర్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఇవి ప్రాచీనుల పూజాస్థలాలని నమ్మాడు. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ లాంటివని పోల్చాడు. తీరా చూస్తే అవి ఆలివ్ నూనె తీసే గానుగల స్తంభాలు. ఆ రెండు రాళ్ల మధ్య పొడవాటి దూలం ఒక కొసను బిగించి, రెండో కొసను బరువుతో కిందికి లాగితే, మధ్యలో పేర్చిన పిప్పి బుట్టలు నలిగి నూనె కారుతుంది. స్తంభాలకు ఉన్న బెజ్జాలు దూలాన్ని పట్టి ఉంచే అడ్డకర్రలవి. అలాంటి గానుగలు ఒకచోట తొమ్మిది, మరోచోట 17 వరసగా ఉన్నాయంటే అది ఇంటి అవసరానికి మించిన పరిశ్రమ. జూలియస్ సీజర్ క్రీ.పూ. 46లో ఉత్తర ఆఫ్రికా తీరపు లెప్టిస్ పట్టణం మీద ఏటా 30 లక్షల పౌన్ల నూనె జరిమానా వేశాడని పాత కథనం. రోమన్ పౌను 327 గ్రాముల లెక్కన అది వెయ్యి టన్నులకు కొంచెమే తక్కువ. అంత నూనె ఎక్కడి నుంచి వచ్చేదో ఆ రాళ్లు చెబుతున్నాయి. సీజర్ గురించి మీరు ఎలాగూ రాస్తారు కదా. ఈ జరిమానా కూడా రాయండి.

భాష గురించి ఒక మనవి. దీన్ని "ఆలివ్ ప్రెస్" అనో "నూనె సంపీడన యంత్రం" అనో రాయకండి. గానుగ అన్న మాట మనకు ఉంది. ఎద్దు తిప్పే మన గానుగకూ దూలంతో నొక్కే వాళ్ల గానుగకూ తేడా ఉంది కాబట్టి "దూలపు గానుగ" అంటే సరిపోతుంది. అలాగే చేతి తిరగలి, నీటి తిరగలి, కళ్లం, గాదె, కుంచం, జాడీ. ఈ మాటలతో పాఠం రాస్తే తాతమ్మను అడిగి వచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు. జర్మనీలోని మాయెన్ ప్రాంతపు నల్లని అగ్నిపర్వత రాతితో చేసిన తిరగళ్లు ఓడలెక్కి బ్రిటన్ దాకా వెళ్లాయని చెబితే, తిరగలి రాయికి గంట్లు కొట్టించుకొన్న ఇళ్లవాళ్లకు ఆ రాయి ఎందుకంత విలువైనదో ఇట్టే అర్థమవుతుంది: గరుకుగా ఉండి త్వరగా నునుపెక్కదు.

గరుమ్ అనే చేపల రసాన్ని "కుళ్లిన చేపల రసం" అని పరిచయం చేయడం మరీ అన్యాయం. స్పెయిన్ దక్షిణ తీరంలోని బైలో క్లౌదియాలో, మొరాకోలోని లిక్సస్‌లో, పోర్చుగల్‌లోని ట్రోయాలో సముద్రపుటొడ్డున రాతి తొట్లు వరసలుగా ఇప్పటికీ ఉన్నాయి. చేపలు, ఉప్పు పొరలుగా వేసి ఎండకు నెలల తరబడి ఊరబెట్టేవారు. ఉప్పు కుళ్లనివ్వదు, చేప తన కడుపులోని రసాలతో తానే కరుగుతుంది. ఆవకాయను కుళ్లిన మామిడికాయ అంటే మనం ఊరుకొంటామా?

రోమ్ నగరంలోనే ఉన్నా ప్రావిన్సుల కథ చెప్పే చోటు ఒకటి ఉంది: మోంటే టెస్టాచ్చో. టైబర్ నది రేవుల దగ్గర దాదాపు 35 మీటర్ల ఎత్తు, కిలోమీటరు చుట్టుకొలత ఉన్న కొండ. అది మట్టితో ఏర్పడింది కాదు, పగలగొట్టి పేర్చిన నూనె జాడీల పెంకులతో లేచిన దిబ్బ. పెంకుల్లో అత్యధిక భాగం దక్షిణ స్పెయిన్‌లోని బేటికా ప్రావిన్సులో, గ్వాదల్‌కివీర్ నదీ లోయలో తయారైన గుండ్రటి జాడీలవి. ఉత్త జాడీ బరువే సుమారు 30 కిలోలు. అందులో పట్టే నూనె 70 కిలోల దాకా. నూనె పీల్చి కంపు కొట్టే జాడీ మళ్లీ పనికిరాదు కాబట్టి పగలగొట్టి, వాసన రాకుండా సున్నం చల్లి, మెట్లు మెట్లుగా పేర్చారు. 1870ల్లో హైన్రిఖ్ డ్రెసెల్ అనే జర్మన్ పండితుడు ఈ పెంకుల మీది సిరా రాతలను చదవడం మొదలుపెట్టాడు: ఖాళీ జాడీ తూకం, నూనె తూకం, వర్తకుడి పేరు, తనిఖీ చేసిన గుమాస్తా గుర్తు, ఏ కాన్సుల్‌ల (ఏటేటా మారే రోమన్ ఉన్నతాధికారుల) ఏడాదో ఆ వివరం. ఆ జాడీ రకాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే డ్రెసెల్ 20 అంటారు. రేవుల దగ్గర లారీ చిట్టీలు చూసినవారికి ఈ పెంకు పరాయిది అనిపించదు.

అయితే ఈ దిబ్బ మనల్ని మోసం కూడా చేయగలదు, ఆ మాట పాఠంలో ఉండాలి. జాడీ పెంకు చిరంజీవి. గోనెసంచి, తోలుతిత్తి, చెక్కపీపా అలా కావు. గోధుమ సంచుల్లోనే పోయింది గనుక దానికి ఇలాంటి కొండ లేదు. ఉత్తర ప్రావిన్సుల్లో ద్రాక్షసారాకు పీపాలు వాడేవారని మనకు తెలియడానికి ముఖ్య కారణం, ఇంగ్లండులోని సిల్చెస్టర్ లాంటి పట్టణాల్లో ఖాళీ పీపాలను అడుగు తీసేసి బావులకు ఒరలుగా దించడం. నీటిలో ఉన్నందువల్ల చెక్క నిలిచింది. ఒకచోట జాడీలు తగ్గాయంటే వ్యాపారం పడిపోయిందని రాయడానికి ముందు పీపా సంగతి గుర్తుకు రావాలి.

ఇప్పుడు అన్నిటికన్నా చిన్న ఆధారం. తవ్వకంలో మట్టిని పారబోయకుండా బకెట్లలో ఎత్తి నీళ్ల తొట్టిలో పోస్తారు. మట్టి కిందికి దిగుతుంది, కాలి బొగ్గైన గింజలు తేలికై పైకి తేలతాయి. పైనీటిని అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలోకి వంచి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటే ఏరుతారు. మన ఆడవాళ్లు చేటలో బియ్యం ఏరే పనే, కాకపోతే ఇక్కడ ఏరి పారేసే వాటికీ విలువ ఉంది. గింజతో పాటు పొట్టు మొదళ్లు ఎక్కువగా దొరికితే అక్కడ ధాన్యం దంచారని అర్థం. పొట్టి కలుపు మొక్కల విత్తులు ఉంటే కోత నేలకు దగ్గరగా కోశారని అర్థం. మొలకెత్తిన గింజలు గుట్టగా మాడి ఉంటే ఆ పొయ్యి ధాన్యం ఆరబెట్టడానికే కాక బీరు కోసం మొలకలు వేయించడానికీ వాడారని అనుమానించవచ్చు. విండోలాండాలో ఒక అధికారి తన పై అధికారికి రాస్తాడు కదా, నా తోటి సైనికులకు బీరు లేదు, పంపమని ఆజ్ఞాపించండి అని! ఈ విధంగా ఏరిన గింజల వల్లే రోమన్ పాలనలో బ్రిటన్‌కు దాదాపు 50 కొత్త రకాల పంటలు, పళ్లు, దినుసులు చేరాయని లెక్క తేలింది. మన ధనియాలు వాటిలో ఒకటి. మళ్లీ ఇక్కడా తొందరపడకూడదు: సిల్చెస్టర్‌లో రోమన్ దండయాత్రకు ముందటి బావిలోనే ఒక ఆలివ్ గింజ, ధనియాలు దొరికాయి. సైన్యం కన్నా ముందే వంటిల్లు మారడం మొదలైంది.

గింజతో పాటు పురుగూ వచ్చింది. యార్క్ నగరంలో నది ఒడ్డున మొదటి శతాబ్దపు ధాన్యపు గిడ్డంగి ఒకటి తవ్వితే నేల నిండా ధాన్యపు పురుగుల రెక్కలు, తలలు. వాటిలో ఒకటి ముక్కు పురుగు. ఎగరలేదు, నిల్వ ధాన్యంలో తప్ప బతకలేదు, రోమన్ల ఓడల్లో సంచుల మధ్య ప్రయాణం చేసి ఆ దీవికి చేరింది. గిడ్డంగికి పురుగు ఎంతగా పట్టిందంటే దాన్ని విప్పేసి, నేల మీద బంకమట్టి దట్టంగా పరిచి, మీద మరో కట్టడం లేపారు. సైనిక సరఫరా అన్నది ఎంత కష్టమో ఏ సేనాని జీవితచరిత్రా ఇంత సూటిగా చెప్పదు.

మన ప్రాంతానికి సంబంధం ఎక్కడ అని మీరు తప్పక అడుగుతారు. ఉంది, కాని ఉన్నంతే రాయండి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో వెయ్యికి మించిన రోమన్ వెండి నాణేల నిధి దొరికింది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లోనూ రోమన్ నాణేలు దొరికాయి. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన ఓడల మార్గదర్శిలో మచిలీపట్నం ప్రాంతమైన మసాలియాలో సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని ఉంది. దీన్ని పట్టుకొని రోము మన బట్టల మీదే బతికిందన్నట్టు రాయవద్దు. నాణెం వచ్చిందన్నది నిజం. అది ఎన్ని చేతులు మారి వచ్చిందో నాణెం చెప్పదు. తిండి విషయంలో అయితే భారతదేశపు జాడ బలంగా ఉన్నది మిరియాల దగ్గర. ఈజిప్టు ఎర్రసముద్ర తీరాన ఉన్న బెరెనికె రేవులో ఒక గుడి ఆవరణలో నేలలో పాతిన భారతీయ కుండలో ఏడున్నర కిలోల మిరియాలు అలాగే దొరికాయి. జర్మనీలోని ఓబెరాడెన్ అనే శిబిరంలో, క్రీస్తుకు ముందే, సైనికుల మరుగుదొడ్డి గుంటలో మిరియాలు కనబడ్డాయి. విండోలాండా పద్దులో గాంబాక్స్ అనే సైనికుడి పేరున మిరియాలకు రెండు దినారియస్‌లు రాసి ఉంది. మలబారు కొండల మిరియం హాడ్రియన్ గోడ దాకా నడిచింది, కొన్నవాడు చక్రవర్తి కాడు.

లెక్కల మాస్టారికి కూడా పని పెట్టండి. క్రీ.శ. 301లో డయోక్లిషియన్ ప్రకటించిన గరిష్ఠ ధరల పట్టిక రాతి పలకల మీద తూర్పు ప్రావిన్సుల్లో ముక్కలు ముక్కలుగా దొరికింది. పొలం కూలికి తిండి పెట్టి రోజుకు 25 దినారియస్‌లు. సైనిక మోడియస్ (మామూలు మోడియస్ కన్నా పెద్దది) గోధుమలు 100, బార్లీ 60. పౌను పందిమాంసం 12, గొడ్డుమాంసం 8. గాల్ బీరు ఒక సెక్స్‌టారియస్ 4, ఈజిప్టు బీరు 2. కూలివాడు ఒక సైనిక మోడియస్ గోధుమలకు ఎన్ని రోజులు పనిచేయాలో పిల్లలు కట్టి చూస్తారు. ఇవి ప్రభుత్వం గీసిన హద్దులే, బజారులో నిజంగా నడిచిన ధరలు కావన్న హెచ్చరిక పట్టిక కిందే ఉండాలి. ఎం.ఆర్.పి. చీటీకీ కొట్టువాడు చెప్పే ధరకూ తేడా తెలిసిన పిల్లలకు ఆ హెచ్చరిక కష్టమేమీ కాదు.

బానిసల ప్రస్తావన ఈ పాఠంలో పక్కకు పోకూడదన్నది నా పట్టుదల. గానుగలూ తిరగళ్లూ ఉత్సాహంగా వర్ణిస్తూ వాటి దగ్గర చెమటోడ్చినవారిని మరిచిపోవడం సులువు, నేనూ ఈ లేఖలో దాదాపు ఆ తప్పే చేశాను. బార్బెగల్‌లో చక్రాన్ని నీరు తిప్పింది. గింజను వాలు మీదికి మోసింది నీరు కాదు. వర్తకుడి పేరు జాడీ మీద ఉంది, జాడీని ఓడలోంచి దించినవాడి పేరు లేదు. ఆ ఖాళీని కల్పనతో నింపకుండా, ఖాళీ ఉన్నదని రాస్తే చాలు.

పేజీలు పరిమితమని నాకు తెలుసు. చోటు లేదంటే పతనానికి కారణాలు అయిదింటిలో రెండు తీసేయండి, కొలోసియం బొమ్మను సగానికి తగ్గించండి. ఆ చోట కార్వోరన్ పాత్ర బొమ్మ, దాని పక్కన ఆక్టేవియస్ ఉత్తరం తెలుగులో పూర్తిగా, కింద ప్రశ్నగా మా చివరి బెంచీ పిల్లవాడు అడిగిందే పెట్టండి. తరగతిలో చెప్పి చూసిన చిత్తుపాఠం ఒకటి, ఎనిమిది పేజీలు, నా దగ్గర సిద్ధంగా ఉంది. అందులో బొమ్మలు నేను గీసినవి. అంత బాగా రాలేదు, మీ చిత్రకారులు సరిచేయవలసి ఉంటుంది. మీరు కోరిన వెంటనే పంపుతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా